పాత హోండా ఎస్2000 కారు కొంటున్నారా? వాల్వ్ కవర్ విప్పి చూడనిదే డబ్బు కట్టకండి

బండి తళతళలాడుతూ ఉంటుంది. కొత్త రంగు, కొత్త టైర్లు, సీట్ల మీద ఒక్క ముడత ఉండదు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ కుట్టుమిషన్‌లా తిరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటగానే వీటెక్ (పై వేగంలో వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా ఏర్పాటు) అరుపు వినపడుతుంది, కొనేవాడి మనసు కరుగుతుంది, డబ్బు చేతులు మారుతుంది. రెండు మూడు నెలలు పోయాక ఫ్రీవే మీద లాగుతుండగా టప్పుమని ఒక్క చప్పుడు. వాల్వ్ విరిగి సిలిండర్‌లో పడుతుంది, పిస్టన్ దాన్ని పైకి హెడ్‌కేసి కొడుతుంది, అంతటితో ఇంజిన్ చెత్తబుట్టకి. అమ్మినవాడి దగ్గర ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను) అని మీరు సంతకం పెట్టిన కాగితం ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హోండా ఎస్2000 కోసం వెతుకుతున్న మనవాళ్లు బేరం మొదలుపెట్టకముందే ఇది చదవండి.

ముందు ఆ వాల్వ్ ఎందుకు పడుతుందో తెలియాలి. 2000 నుంచి 2003 దాకా అమెరికాలో అమ్మిన ఏపీ1 బండిలో ఉండేది ఎఫ్20సి ఇంజిన్. 1,997 సీసీ, 240 హార్స్‌పవర్, అదీ 8,300 ఆర్‌పీఎం దగ్గర. రెడ్‌లైన్, అంటే ఇంజిన్ దాటకూడని వేగం, 9,000. ‘9,000 దాటితే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇంధనం ఆపేస్తుంది, కాబట్టి ఈ ఇంజిన్‌ను ఎవడూ పాడు చేయలేడు’ అని అమ్మేవాళ్లు చెబుతారు. అది సగం నిజం. మనం యాక్సిలరేటర్ తొక్కి పెంచిన వేగాన్నే ఈసీయూ ఆపగలదు. థర్డ్ గేరులో 9,000 దాకా లాగి, ఫోర్త్ కోసం లివర్‌ను నేరుగా వెనక్కి లాగే బదులు కాస్త ఎడమకు లాగారనుకోండి, అది సెకండ్‌లో పడుతుంది. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేది చక్రాలు. థర్డ్ రేషియో 1.481, సెకండ్ రేషియో 2.045. 9,000ను 2.045తో గుణించి 1.481తో భాగిస్తే దాదాపు 12,400. క్లచ్ వదిలిన ఆ అర సెకనులో ఇంజిన్ అంత వేగానికి ఎగబాకుతుంది. అమెరికాలో దీనికి ‘మనీ షిఫ్ట్’ అని పేరు, ఎందుకో వేరే చెప్పాలా!

ఆ వేగంలో వాల్వ్ స్ప్రింగులు వాల్వులను నొక్కి తెరిచే క్యామ్ వెంట పోలేవు. వాల్వ్ గాలిలో తేలి, సీటు మీద దబ్బున పడుతుంది. స్ప్రింగ్ నెత్తిన చిన్న గిన్నెలాంటి ముక్క ఒకటి ఉంటుంది, దాన్నే రిటెయినర్ అంటారు. దాని నడిమి బెజ్జంలో రెండు అర్ధచంద్రాకారపు లాకులు వాల్వ్ కాడను పట్టుకుని ఉంటాయి. దెబ్బ పడినప్పుడు ఆ లాకులు బెజ్జంలోకి ఇంకా కిందికి దిగబడతాయి, రిటెయినర్‌కు వెంట్రుకంత బీట పడుతుంది. ఏపీ1లో ఎక్కువగా దెబ్బతినేవి ఇన్‌టేక్ వైపువి. అసలు మోసమంతా ఇక్కడే ఉంది. బీట పడ్డాక కూడా ఇంజిన్ మామూలుగానే నడుస్తుంది. చెక్ ఇంజిన్ లైటు వెలగదు, పొగ రాదు, కంప్రెషన్ కూడా బాగానే చూపించవచ్చు. ఆ సంగతి తెలిసిన అమ్మేవాడు బీట పూర్తిగా విచ్చుకునేలోపు బండి వదిలించుకుంటాడు.

అందుకే వాల్వ్ కవర్ విప్పించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి, రాత్రంతా ఆగి ఉంటే మరీ మంచిది. కాయిల్ కవర్, నాలుగు కాయిళ్లు తీస్తే వాల్వ్ కవర్ నట్లు కనబడతాయి. కవర్ లేపాక రాకర్ ఆర్ములు అడ్డం వస్తాయి కాబట్టి పై నుంచి టార్చి కొట్టి చూస్తే సరిపోదు. పక్క నుంచి పళ్ల డాక్టరు వాడే అద్దంలాంటిది గానీ, ఫోన్‌కు తగిలించే బోరోస్కోప్ గానీ పెట్టి పదహారు రిటెయినర్లనూ ఒక్కొక్కటిగా చూడాలి. ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ, ఏ వాల్వ్ చూస్తున్నారో దాని క్యామ్ బొడిపె పైకి ఉండేలా పెట్టుకోండి. చూడాల్సినవి రెండు. నడిమి బెజ్జం అంచు నుంచి బయటికి పాకిన సన్నటి గీత ఒకటి. లాకుల పై అంచు రిటెయినర్ పై అంచుకు ఎంత లోతులో ఉందన్నది రెండోది. పదిహేనింటిలో ఒకేలా ఉండి ఒక్కదాంట్లో లోపలికి కుంగి ఉంటే ఆ ఇంజిన్‌కు మనీ షిఫ్ట్ అయినట్టే.

కవర్ ఎలాగూ తెరిచారు కాబట్టి టాపెట్లు, అంటే వాల్వ్ గ్యాపులు, కూడా ఫీలర్ గేజ్‌తో చూసేయండి. చల్లటి ఇంజిన్ మీద ఇన్‌టేక్ 0.21 నుంచి 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.25 నుంచి 0.29 ఉండాలి. అన్నీ కొద్దికొద్దిగా తేడా ఉంటే సెట్టింగ్ చేయించలేదంతే, పెద్ద విషయం కాదు. ఒకే ఒక్క వాల్వ్‌కు గ్యాప్ బాగా ఎక్కువ ఉంటే మాత్రం కాడ వంగి, వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదేమో అని అనుమానించాలి. మూసేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయించండి, ఆ ఖర్చు మీదేనని ముందే చెప్పండి. అలా చెప్పినా ‘నా ఇంజిన్ విప్పనివ్వను’ అన్నాడంటే ఇంకో బండి చూసుకోండి. విప్పి చూశాక ఇంజిన్ బాగుండి, మీరు కొన్నారనుకోండి, 2004 తర్వాతి ఇంజిన్‌కు వచ్చిన గట్టి రిటెయినర్లను వాటి లాకులతో జతగా వేయించుకోవడం మంచి పని. ఏపీ1 వాళ్లు చాలాకాలంగా చేయిస్తున్నదే ఇది.

తర్వాత లీక్‌డౌన్ టెస్ట్. కంప్రెషన్ టెస్ట్ ఒక్కటే చేసి ‘నాలుగూ 200 పీఎస్ఐ పైనే ఉన్నాయి’ అని కాగితం చూపిస్తే సంతోషపడిపోకండి. లీక్‌డౌన్‌లో ఒక్కో సిలిండర్‌ను టాప్ డెడ్ సెంటర్‌లో (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట) నిలిపి, 100 పీఎస్ఐ గాలి ఎక్కించి, ఎంత కారిపోతుందో రెండో గేజ్‌లో చూస్తారు. 5 శాతం లోపైతే ఇంజిన్ గట్టిది, 10 దాకా ఫరవాలేదు, 20 దాటితే బేరం కట్టిపెట్టండి. అంకె కన్నా ముఖ్యం గాలి ఎటు పోతోందన్నది. థ్రాటిల్ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

నాలుగో సిలిండర్ మీద ప్రత్యేకంగా ఒక కన్ను వేయండి. 2000, 2001 బండ్లలో ఆ సిలిండర్ గోడకు గీతలు పడి ఆయిల్ తాగడం పాత జబ్బే. పిస్టన్ అడుగుకు ఆయిల్ చిమ్మే జెట్ల బాంజో బోల్టులకు (లోపల ఆయిల్ పారే బోలు బోల్టులు) మొదట్లో రెండే రంధ్రాలు ఉండేవి, తర్వాత హోండా నాలుగు రంధ్రాలవి తెచ్చింది. తొలి ఏళ్ల బండి అయితే ఆ బోల్టులు మార్చిన రసీదు ఉందేమో అడగండి. ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ దింపి చూస్తే నిలువు గీతలు ఇట్టే కనబడతాయి. ప్లగ్గులు విప్పేటప్పుడు ఏదైనా వదులుగా తిరిగిందేమో కూడా గమనించండి, ఈ ఇంజిన్‌లో ప్లగ్గులు వాటంతటవే వదులయ్యే అలవాటు ఉంది.

ఆయిల్ సంగతి వచ్చింది కాబట్టి: ఫిల్టర్‌తో కలిపి ఈ ఇంజిన్‌కు పట్టేది 4.8 లీటర్లు, గ్రేడు 10డబ్ల్యూ-30. ఏపీ1 కొంచెం ఆయిల్ తాగుతుంది, అది దాని తత్వం. వెయ్యి మైళ్లకు ఒక క్వార్ట్ దాటి తాగుతుంటే మాత్రం జబ్బే. మీరు వెళ్లేసరికి డిప్‌స్టిక్ మీద ఆయిల్ కింది గీత దగ్గరుంటే, ఆ యజమాని అదే ఆయిల్‌తో 9,000 దాకా ఎన్నిసార్లు లాగాడో ఊహించుకోండి. బేరింగులు అరిగేది అక్కడే.

వెళ్లేముందు ‘బండి స్టార్ట్ చేయకుండా ఉంచండి’ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే ఏదో దాస్తున్నాడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి, సైకిల్ చువ్వలకు అట్టముక్క తగిలినట్టు టకటకమని వస్తే అది టైమింగ్ చైన్ టెన్షనర్. భయపడాల్సిన పని లేదు, మార్చేస్తే పోతుంది, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది. డ్యాష్‌లో టెంపరేచర్ మూడు గీతలకు వచ్చేదాకా ఇంజిన్‌ను పైకి లాగకండి, చల్లటి ఇంజిన్‌లో వీటెక్ ఎలాగూ పట్టదు. వేడెక్కాక 6,000 దగ్గర గొంతు మారాలి. మారకపోతే ముందు ఆయిల్ లెవెల్, తర్వాత వీటెక్ సోలినాయిడ్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడే ఫస్ట్ నుంచి సెకండ్‌కు, మళ్లీ థర్డ్ నుంచి సెకండ్‌కు మార్చి చూడండి. గరగరమంటే సింక్రో (గేర్ల వేగాలను కలిపే రింగు) అరిగింది.

2004 నుంచి అమెరికాకు వచ్చిన ఏపీ2లో ఇంకో వల ఉంది. దానిలో ఎఫ్22సి1, 2,157 సీసీ, రెడ్‌లైన్ 8,000. రోజువారీ వాడకానికి ఇదే మేలని మా అభిప్రాయం, కింది గేర్లలో లాగుడు బాగుంటుంది. కానీ కొందరు ట్యూనింగ్ చేయించి ‘ఇది కూడా 9,000 తిరుగుతుంది’ అని అదనంగా డబ్బు అడుగుతారు. తిరుగుతుంది, నిజమే. ఎఫ్20సి స్ట్రోక్ 84 మిల్లీమీటర్లు, దీనిది 90.7. 9,000 దగ్గర ఎఫ్20సి పిస్టన్ సగటు వేగం సెకనుకు 25.2 మీటర్లు. అదే ఆర్‌పీఎంలో ఎఫ్22సి పిస్టన్ 27.2 మీటర్ల వేగంతో పోతుంది. హోండా ఊరికే 8,000 దగ్గర గీత గీయలేదు. అలా తిప్పిన ఇంజిన్‌కు ఎక్కువ ఇవ్వడం అటుంచి, తక్కువ ఇవ్వాలి.

బాడీ సంగతి త్వరగా. అమెరికా ఎస్2000కు బానెట్, ఫెండర్లు, తలుపులు, డిక్కీ, బంపర్ల మీద వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) స్టిక్కర్లు ఉంటాయి. స్టిక్కర్ లేకపోయినా, వీఐఎన్ బదులు డాట్-ఆర్ అని ఉన్నా ఆ ముక్క మార్చినదే. ఒక ఫెండర్ మారితే సర్దుకోవచ్చు. బానెట్, రెండు ఫెండర్లు, బంపర్ అన్నీ మారితే ముందు ఛాసిస్ చూడాలి. వీఐఎన్ ‘జేహెచ్ఎమ్ఏపీ11’తో మొదలైతే ఏపీ1, ‘ఏపీ21’ అయితే ఏపీ2. ఏపీ1 బండిలో ఎఫ్22సి1 అని చెక్కిన ఇంజిన్ కనబడితే అసలు ఇంజిన్ ఏమైందో అడగాలి కదా.

మైలేజీ మీద ఒక్క మాట. అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం 2010, అంతకు ముందు మోడళ్లను అమ్మేటప్పుడు ఓడోమీటర్ అంకె రాసివ్వనక్కర్లేదు. అంటే ప్రతి ఎస్2000 ఆ మినహాయింపు కిందికే వస్తుంది. టైటిల్ మీద ‘ఎగ్జెంప్ట్’ (మినహాయింపు) అని ఉంటే తర్వాత ఎవరినైనా పట్టుకోవడం కష్టం. పాత సర్వీసు రసీదుల్లోని తేదీ, మైళ్లు వరుసగా పెట్టి చూసుకోవాల్సింది మీరే.

25 ఏళ్లు నిండిన బండ్లకు ఉన్న మినహాయింపుతో జపాన్ నుంచి అమెరికాకు తెప్పించుకునేవాళ్లకు వేరే తలనొప్పి. అక్కడి బండికి 17 అక్షరాల వీఐఎన్ ఉండదు, ఏపీ1 అని మొదలయ్యే ఛాసిస్ నంబరు ఉంటుంది కాబట్టి కార్‌ఫ్యాక్స్ (బండి పాత చరిత్ర చెప్పే అమెరికా సేవ) పని చేయదు. వేలంలో బండిని తనిఖీ చేసి రాసే షీటే ఆధారం. అమ్మేవాడు ఇచ్చే ఇంగ్లీషు సారాంశం కాకుండా అసలు షీటు మొత్తం ఫొటో అడగండి. గ్రేడు గడిలో ఆర్ లేదా ఆర్ఏ ఉంటే దెబ్బతిని బాగుచేసిన బండి. బొమ్మ మీద డబ్ల్యూ అంటే సరిచేసిన చోటు, ఎక్స్ఎక్స్ అంటే మార్చిన ముక్క. కిలోమీటర్ల పక్కన నక్షత్రం ఉంటే ఆ అంకెను నమ్మడానికి లేదు, డాలర్ గుర్తు ఉంటే మీటరు మార్చిన బండి. 80,000 కిలోమీటర్ల బండిని ‘50 వేల మైళ్లు’ అనడం సరే, 1,30,000 కిలోమీటర్లను ‘80 వేల మైళ్లు’ అనడమూ సరే, కానీ మీటరు మార్చాక మిగిలిన అంకె ఏ యూనిట్లో ఉందో కాగితంతో సరిచూసుకోండి. కాలిఫోర్నియాలో ఉంటే 25 ఏళ్ల లెక్క ఒక్కటే చాలదు, ఆ రాష్ట్రం ఉద్గారాల పరీక్ష వేరేగా దాటాలి.

సివిక్ టైప్ ఆర్, ఇంటెగ్రా టైప్ ఆర్ చూసేవాళ్లకు నకిలీల బెడద ఎక్కువ. జపాన్‌లో 1990ల చివరి తరం అసలైన సివిక్ టైప్ ఆర్‌కు ఛాసిస్ నంబరు ఈకే9తో మొదలవుతుంది, ఈకే4తో మొదలైతే అది వేషం కట్టిన ఎస్ఐఆర్ (టైప్ ఆర్ కన్నా కింది మోడల్). ఇంటెగ్రాలో అంత తేలిక కాదు, అక్కడ ఎస్ఐఆర్ కూడా డీసీ2నే. చక్రానికి నాలుగే నట్లు ఉన్నాయని చూసి నకిలీ అనేసేవాళ్లూ ఉన్నారు, అదీ పొరపాటే. జపాన్ 1996 స్పెక్ టైప్ ఆర్‌కు నాలుగే, 1998 నుంచి అయిదు. అమెరికాలో అమ్మినవాటికి మాత్రం మొదటి నుంచీ అయిదే, వీఐఎన్ ‘జేహెచ్4డీసీ231’ అని మొదలవ్వాలి. ఇంకొకటి, ఇవి చైన్ ఇంజిన్లు కావు, బెల్టు ఇంజిన్లు. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. మార్చిన రసీదు లేకపోతే కొన్న వారంలోనే బెల్టు, వాటర్ పంపు కలిపి మార్చించే ఖర్చు ధరలోంచి తీసేసి మాట్లాడండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా ‘ఇంపోర్టెడ్ ఎస్2000 ఉంది, కాగితాలు క్లియర్’ అంటే ముందు ఆ కాగితాలే చూడండి. హోండా ఆ బండిని ఇండియాలో ఎప్పుడూ అమ్మలేదు. పాత కారు దిగుమతికి ఉన్న మామూలు నిబంధన తయారై మూడేళ్లు దాటకూడదని, స్టీరింగ్ కుడి వైపు ఉండాలని. కార్నె (సుంకం కట్టకుండా తాత్కాలికంగా తెచ్చుకునే పత్రం) మీద వచ్చిన బండైతే గడువులోపు మళ్లీ దేశం దాటి పోవాల్సిందే. కస్టమ్స్ వాళ్లు వచ్చి బండి ఎత్తుకుపోతే అడ్వాన్సు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడు.