చార్మినారా, మొజంజాహీ (ఎంజే) మార్కెట్టా?

సాయంత్రం ఊరికే కూర్చుని జనాన్ని చూడాలంటే ఎటు పోవాలి? చార్మినార్ 1591 నాటిది, నాలుగు వైపులా నాలుగు దారులు, అందుకే అక్కడ కూర్చోవడం కంటే జనంతో పాటు కొట్టుకుపోవడమే ఎక్కువ. లాడ్ బజార్‌లోకి మళ్లితే, వేడి చేసి మెత్తబడిన లక్క గాజు మీద చిన్న చిన్న రాళ్లు ఒక్కొక్కటే అతికిస్తుంటారు, చూస్తూ నిలబడితే టైమే తెలీదు. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని నిలబడే తినాలి, కాస్త ఆలస్యం చేశారా, సగం కప్పులో మునిగిపోతుంది. రంజాన్ నెలలో అయితే రాత్రంతా ఇదే సందడి, పిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలొద్దు.

మొజంజాహీ మార్కెట్ వేరే రకం. ఏడో నిజాం తన కొడుకు పేరు మీద 1935లో కట్టించిన రాతి మార్కెట్, గడియార స్తంభం, మధ్యలో ఖాళీ స్థలం. 2020లో బాగుచేశాక ముస్తాబైంది. కుర్చీ లాక్కుని సీతాఫలం ఐస్‌క్రీం తింటూ గంటసేపు కబుర్లు చెప్పుకోవచ్చు, బయట ట్రాఫిక్ హారన్లు మాత్రం భరించాలి.

అమ్మానాన్నలతో అయితే నేను మార్కెట్‌కే పోతా. ఒక్కడినే అయితే చార్మినారే, పార్కింగ్ టెన్షన్ ఉన్నా సరే.