హోమ్ స్టేజింగ్ వాళ్లను పిలిచాం: సలహా తీసుకోండి, ప్యాకేజీ జోలికి మాత్రం పోకండి

ఇల్లు అమ్మకానికి పెట్టి నాలుగు నెలలైనా అడ్వాన్స్ మాట ఎవరూ ఎత్తలేదు. వచ్చినవాళ్లు హాలు చూసి బాగుందనేవాళ్లు, వంటగది చూసి తలూపేవాళ్లు, పడకగదుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో మాట తగ్గిపోయేది. గుమ్మంలోంచే ఒకసారి తొంగి చూసి "సరేనండీ, ఫోన్ చేస్తాం" అని వెళ్లిపోయేవాళ్లు, ఆ ఫోన్ వచ్చేది కాదు. బ్రోకర్ ధర తగ్గించమని ఒకటే పోరు. మా ఆయన దాదాపు ఒప్పేసుకున్నారు కూడా. తగ్గించేముందు ఒక్క ప్రయత్నం చేద్దామని నేనే పట్టుబట్టి హోమ్ స్టేజింగ్ చేసేవాళ్లను పిలిపించాను.

అంటే ఏంటో తెలియనివాళ్లకి: అమ్మబోయే ఇంటిని కొనేవాళ్ల కంటికి నచ్చేలా సర్దిపెట్టే పని. ఇందులో రెండు రకాలు. ఒకటి, ఒక మనిషి వచ్చి ఇల్లంతా తిరిగి ఏం తీయాలి, ఏం జరపాలి, ఏం మార్చాలి అని చెప్పి, రాసిచ్చి వెళ్తారు. చేసుకునేది మనమే. రెండోది ప్యాకేజీ: మంచాలు, పరుపులు, దీపాలు, పటాలు అన్నీ వాళ్లే అద్దెకి తెచ్చి పెట్టి, ఇల్లు అమ్ముడయ్యాక తీసుకెళ్తారు. మేం మొదటిది పూర్తిగా, రెండోది ఒక్క చిన్న గదికి తీసుకున్నాం. సర్వీస్ పేరు రాయడం లేదు. పేరు కంటే ఏది తీసుకోవచ్చో, ఏది అక్కర్లేదో తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

వచ్చినావిడ చేతిలో ఒక టేపు, ఒక నోటుబుక్కు, అంతే. పెద్ద పడకగదిలోకి అడుగుపెట్టకుండా నన్ను గుమ్మంలో నిలబెట్టి "ఇక్కడినుంచి ముందు ఏం కనిపిస్తోందో చెప్పండి" అన్నారు. చూశాను. బీరువా పక్క భాగం, మంచం కింద తోసిన రెండు సూట్‌కేసులు, వాటి వెనక చుట్టి పెట్టిన చాప. పద్నాలుగేళ్లు ఆ గదిలో పడుకున్నాను గానీ గుమ్మంలో నిలబడి ఒక్కసారీ ఆ గదిని చూడలేదు. నిజం చెప్తున్నా, ఆ ఒక్క ప్రశ్నకే వాళ్లకిచ్చిన డబ్బు సరిపోయింది అనిపించింది.

మంచం జరిపించారు. తలవైపు భాగం గుమ్మానికి ఎదురు గోడకి ఆనేలా పెట్టి, రెండు పక్కలా కనీసం 60 సెంటీమీటర్ల దారి వదలమన్నారు. అలా వదలాలంటే గదిలో ఒక కుర్చీ, ఒక టేబులు, బట్టలు ఆరేసే స్టాండు బయటికి పోవాల్సి వచ్చింది. పోయాయి. గది ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టయింది. వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగిపోకుండా లోపలికి నడిచి కిటికీ దాకా వెళ్లడం ఆ తర్వాతే మొదలైంది.

తర్వాత స్విచ్‌బోర్డు. ఇది చిన్న విషయంలా ఉంటుంది, కానీ నాకు బాగా గుర్తుండిపోయింది. ఆవిడ లైటు వేయబోయి ఆగి, బోర్డు చుట్టూ గోడని వేలితో చూపించారు. స్విచ్చుల చుట్టూ అరచేతి మేర బూడిదరంగు మరక, అంచుల్లో కొంచెం నల్లగా, మధ్యలో నిగనిగలాడుతూ. ఇన్నేళ్లూ చీకట్లో తడుముకుంటూ మేం పెట్టిన చేతులే అవి. తలుపు హ్యాండిల్ దగ్గరా అంతే, మంచం తలవైపు గోడ మీద తల ఆనించిన చోటా అంతే. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు లైటు వేయడానికి చెయ్యి పెట్టేది సరిగ్గా అక్కడే. అది చూశాక ఇక మిగతా ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా నమ్మరు. గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డ బాగా పిండి, పైనుంచి రుద్దకుండా అద్దుతూ తుడిచాను. సగం పోయింది. మిగతా సగానికి రంగు వేయక తప్పలేదు.

రంగు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మరక ఉన్నంత మేర మాత్రమే వేద్దామని మా ఆయన మిగిలిపోయిన పాత డబ్బా తీశారు. అలా చేయకండి. గోడ మీది రంగు ఏళ్ల తరబడి వెలిసిపోయి ఉంటుంది, డబ్బాలోది వెలవదు, అదే రంగైనా అతుకు వేసినట్టు కనిపిస్తుంది. వేస్తే ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తం వేయాలి. మేకుల బొక్కలకి లప్పం పెట్టి, ఆరాక సన్నటి సాండ్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆ తర్వాతే రంగు. మెరుపు లేని రంగు తీసుకోండి, మెరిసేది వేస్తే గోడలో ఉన్న ప్రతి ఎత్తుపల్లం లైటు పడగానే బయటపడుతుంది. మేం లేత ఇసుక రంగు వేశాం. తెల్లగానే ఉండాలని ఏమీ లేదు, కానీ మా అమ్మాయికి ఇష్టమని ఎప్పుడో వేయించిన ముదురు ఊదా గోడ మాత్రం పోవాల్సిందే, అది ఉన్న గది ఫోటోల్లో గుహలా వచ్చేది.

లైట్ల విషయంలో ఈ సర్వీస్‌కి పూర్తి మార్కులు. మా గదిలో పైన ట్యూబ్‌లైటు చల్లటి తెలుపు, పక్క దీపంలో పసుపు బల్బు, అద్దం దగ్గర ఇంకోటి. ఒకే గదిలో మూడు రకాల వెలుగు. ఫోన్‌లో ఫోటో తీస్తే దుప్పటి ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంటే కెమెరా బాగోలేదనుకునేదాన్ని. ఎల్ఈడీ బల్బు డబ్బా మీద కెల్విన్ అని ఒక అంకె ఉంటుంది: 2700 నుంచి 3000 దాకా ఉన్నవి వెచ్చటి వెలుగు, 6500 దగ్గరున్నవి ఆఫీసుల్లో ఉండే తెల్లటి వెలుగు. పడకగదిలో అన్నీ 2700 లేదా అన్నీ 3000 పెట్టమన్నారు, కలపొద్దన్నారు. ఇంకో అంకె సీఆర్ఐ. అది 90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. వెలుగు ఎంత అన్నది వాట్లలో కాకుండా ల్యూమెన్లలో చూడాలి, 800 ల్యూమెన్లంటే పాతకాలం 60 వాట్ల బల్బంత. రెండు గదులకీ కలిపి ఏడు బల్బులు మార్చాం. ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ తేడా వచ్చింది ఇక్కడే.

కర్టెన్లు కొత్తవి కొననివ్వలేదు, రాడ్డు మాత్రం మార్చి బిగించమన్నారు. కిటికీ ఫ్రేముకి ఆనించి ఉన్నదాన్ని జానెడు పైకి, రెండు పక్కలా జానెడు చొప్పున బయటికి. కర్టెన్ పక్కకి లాగితే గోడ మీదికి పోతుంది, అద్దం మొత్తం ఖాళీ అవుతుంది, వెలుతురు అంతా లోపలికొస్తుంది. కిటికీ పెద్దదైనట్టే అనిపించింది. ఒకే ఒక్క ఇబ్బంది: రాడ్డు పైకెత్తేసరికి పాత కర్టెన్లు నేలకి అందలేదు. మడమల పైదాకా ఎత్తి కట్టిన లుంగీలా వేలాడుతున్నాయి. అదే రకం బట్ట దొరక్క కింద వేరే ముదురు బట్ట అంచులా కుట్టించాను. ముందే పొడుగు కొలిచి చెప్పాల్సింది ఆవిడ, చెప్పలేదు.

మంచం మీదికి తెల్ల దుప్పటి, తెల్ల గలీబులు, కాళ్లవైపు మడిచి వేసిన ఒక రంగు బొంత, అంతే. ఎనిమిది దిండ్లు పేర్చక్కర్లేదు, నాలుగు చాలు. దుప్పటి కొనేటప్పుడు థ్రెడ్ కౌంట్, అంటే చదరపు అంగుళం బట్టలో ఉండే పోగుల లెక్క, 1000 అని రాసుందని ఎక్కువ పోయకండి. పలచటి పోగుల్ని మెలేసి ఒక్కో పోగునీ రెండుగా మూడుగా లెక్కపెట్టి ఆ అంకె తెస్తారు చాలాసార్లు. 200 నుంచి 400 మధ్య మంచి నూలు దుప్పటి హాయిగా ఉంటుంది, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. మడతల గీతలు పోవాలంటే పరుపు మీద పరిచాక నీళ్లు చిలకరించి, గట్టిగా లాగి అంచులు పరుపు కిందకి దోపి వదిలేయండి, ఆరేసరికి చాలావరకు సాపవుతుంది. నేను అలాగే చేశాను, ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు.

వాసన గురించి ఆవిడ మొహమాటపడకుండా చెప్పినందుకు థాంక్స్. బీరువా తెరవగానే నాఫ్తలీన్ ఉండల ఘాటు గది నిండా కొట్టేది, మాకు అలవాటైపోయి తెలియనే లేదు. ఉండలు తీసేసి, బట్టల్లో మూడో వంతు అట్టపెట్టెల్లోకి ఎక్కించి, అరల్ని తుడిచి రెండు రోజులు తలుపులు బార్లా తెరిచి పెట్టాం. పరుపు మీద బేకింగ్ సోడా చల్లి కొన్ని గంటలాగి వాక్యూమ్ చేశాం. రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టొద్దు అని గట్టిగా చెప్పారు, ఘుమఘుమలాడే ఇంట్లో ఏదో దాస్తున్నారని అనుమానమొస్తుందట. నాకూ అది నిజమే అనిపించింది. వచ్చినవాళ్లు బీరువాలు తెరిచి చూస్తారు, అది గుర్తుపెట్టుకోండి.

ఇక కోపం వచ్చిన విషయాలు. రెండున్నాయి.

చిన్న గది ఖాళీగా ఉండేది. ఖాళీ గదిలో కంటికి కొలత అందదు, అందుకే ఉన్నదానికంటే చిన్నదిగా అనిపిస్తుంది, మంచం పడుతుందా లేదా అని సందేహిస్తారు. అందుకని ప్యాకేజీలో భాగంగా ఆ గదికి మంచం పెడతామన్నారు. తీరా తెచ్చింది అట్టపెట్టెలు, వాటి మీద గాలి పరుపు, పైన అందమైన దుప్పటి. ఫోటోలో అచ్చం మంచమే. స్టేజింగ్‌లో ఇది మామూలే అన్నారు. రెండో వారం ఇల్లు చూడటానికొచ్చిన ఒక కుటుంబంలో పెద్దాయన కాళ్లు నొప్పిగా ఉన్నాయని ఆ అంచు మీద కూర్చోబోయారు. పెట్టె లోపలికి కుంగింది, పరుపు జారింది, వాళ్లబ్బాయి పట్టుకోబట్టి సరిపోయింది గానీ లేకపోతే నడుం విరిగేది. నా గుండె ఆగినంత పనైంది. ఆయన నవ్వుతూ పర్లేదమ్మా అన్నారు, కానీ ఆ కుటుంబం మళ్లీ రాలేదు, నేను వాళ్లని తప్పుపట్టను. ఫోన్ చేసి అడిగితే కూర్చోవద్దని బోర్డు పెట్టుకోవాల్సింది అన్నారు. ఇంటికొచ్చిన మనిషికి కూర్చోవద్దని బోర్డు పెడతామా? ఆ సాయంత్రమే అదంతా తీసేసి, చెల్లెలి ఇంటినుంచి పాత సింగిల్ మంచం అడిగి తెచ్చుకున్నాం. కాళ్లకి కొత్త రబ్బరు తొడుగులు వేసి, గీతలు పడ్డ తలభాగానికి పల్చటి ఫోమ్ చుట్టి పైన మందపాటి బట్ట లాగి వెనకవైపు స్టేప్లర్ గన్‌తో కొట్టాం. ఒక పూట పని. ప్యాకేజీకి కట్టినదాంట్లో పిసరంత కూడా కాలేదు.

రెండోది ఇంకా పెద్దది. పెద్ద గదిలో బాత్రూమ్‌ని ఆనుకున్న గోడకి కింద చెమ్మ ఉంది, రంగు పెచ్చులు ఊడుతోంది. ఆవిడ చూసి "దీనికి అడ్డంగా బీరువా జరిపేయండి, కనిపించదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎవరో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బుతో కొంటున్నారు, వర్షాకాలంలో బీరువా జరిపి చూసుకునేసరికి మేం ఉండం. ప్లంబర్‌ని పిలిస్తే గోడ లోపల పైపు జాయింటు కారుతోందని తేలింది. అది బాగుచేయించి, చెడిపోయిన ప్లాస్టరింగ్ కొట్టించి, గోడ ఆరడానికి వారాలు ఆగాం. ఆరిందో లేదో చూడటానికి చిన్న ప్లాస్టిక్ షీటు నాలుగంచులా టేపుతో గోడకి అంటించి రాత్రంతా వదిలేయండి, పొద్దున లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. మాకు రెండుసార్లు బొట్లు కనిపించాయి, మూడోసారి పొడిగా వచ్చింది, అప్పుడే రంగు వేయించాం. ప్లంబర్ బిల్లు ఫైల్లో పెట్టి, వచ్చిన ప్రతివాళ్లకీ మేమే చూపించాం. ఒక్కరు కూడా దాని గురించి బేరమాడలేదు.

ఫోటోలు మేమే తీసుకున్నాం. పొద్దున వెలుతురులో, కర్టెన్లు పూర్తిగా తీసి, గుమ్మం మూలలోంచి, ఫోన్ ఛాతీ ఎత్తులో నిటారుగా పట్టుకుని. పైనుంచి వంచి తీస్తే గోడలు పడిపోతున్నట్టు వస్తాయి.

మొత్తానికి సలహా వరకైతే 5కి 4 ఇస్తాను, కర్టెన్ పొడుగు, చెమ్మ సంగతుల వల్ల ఒకటి తగ్గించాను. ప్యాకేజీకి 1, అది కూడా దుప్పటి బాగుందని. పిలిచేవాళ్లు ముందే రెండు అడగండి: చెప్పినవన్నీ గదుల వారీగా రాసిస్తారా, వాళ్లు తెచ్చే మంచం మీద మనిషి కూర్చోవచ్చా. మాకు రాతలో లిస్టు మూడో రోజుకి వచ్చింది, నాలుగు పేజీలు, అందులో కొనమన్నవి తొమ్మిది వస్తువులే, మిగతావన్నీ తీయమన్నవి, తుడవమన్నవి.

ఇల్లు ఆ తర్వాత ఏడో వారంలో కుదిరింది, ధర తగ్గించకుండానే. కొన్న అమ్మాయి రిజిస్ట్రేషన్ రోజున అడిగింది, కర్టెన్లు వదిలేసి వెళ్తారా ఆంటీ అని. అంచు కుట్టించినవి కూడానా అంటే అవే కావాలంది. రాడ్డుతో సహా వదిలేసి వచ్చాం.