ఏడాదిలో బైబిలంతానా, ఒక్క పత్రిక నెమ్మదిగానా?

వాక్యంలో కూర్చోవాలనుకునే, అంటే బైబిల్ చదవాలనుకునే మగవాళ్లకు తరచూ వచ్చే సందేహమిది. పత్రిక అంటే బైబిల్లో ఉత్తరం రూపంలో ఉన్న పుస్తకం.

సమయం: బైబిల్లో 1,189 అధ్యాయాలు; ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు. యాకోబు పత్రికకు ఐదే. నెలంతా దానితోనే ఉండొచ్చు.

ఇబ్బంది: ఏడాది ప్లాన్‌లో చాలామంది మూడో పుస్తకం, నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. రెండు రోజులు తప్పితే బాకీ, టెన్షన్. పత్రికతో అయితే నచ్చిన వచనాల చుట్టూనే తిరిగే ప్రమాదం.

ఫలం: నాకు ముఖ్యం ఇదే. వినడానికి త్వరపడు, మాటకూ కోపానికీ నిదానించు అంటుంది యాకోబు 1:19. ఆ ఒక్క మాట వారం పట్టుకుంటే, డ్యూటీ నుంచి అలసి వచ్చి పిల్లల మీద అరిచే ముందు గుర్తొస్తుంది.

షిఫ్టులవాళ్లు, కొత్తవాళ్లు పత్రికతో మొదలుపెట్టండి. ఏళ్లుగా ప్రసంగాలు విని ముక్కలుగా తెలిసినవాళ్లకు ఏడాది ప్లానే మేలు: మొదటి పుస్తకం ఆదికాండం నుంచి చివరిదైన ప్రకటన గ్రంథం దాకా వరస తెలుస్తుంది.