1996 నాటి ఫెరారీ ఎఫ్355: ఆరున్నరేళ్ల బిల్లులతో ఒక సమీక్ష

డాలస్ శివార్లలో ఉంటున్న నేను 2018 వేసవిలో, 1996లో తయారైన ఫెరారీ ఎఫ్355 బెర్లినెట్టాను, అంటే పైకప్పు తెరుచుకోని రకాన్ని, 88,000 డాలర్లకు కొన్నాను. ఆనాటి నుంచి 2024 చివరి దాకా ఆ కారు మీద పెట్టిన ప్రతి డాలరుకూ బిల్లు దాచాను. పెట్రోలు, బీమా, రిజిస్ట్రేషను పక్కన పెడితే ఆ బిల్లుల మొత్తం 39,800 డాలర్లు. అదే కాలంలో కారు తిరిగిన దూరం 9,100 మైళ్లు. అంటే మరమ్మతులు, విడిభాగాల కిందనే మైలుకు 4 డాలర్ల 37 సెంట్లు పడింది. ఎఫ్355 మీద మనసుపడ్డ మిత్రులు ముందుగా అడిగేది కొనుగోలు ధర గురించే కాబట్టి, ఆ ధర చెల్లించిన మర్నాటి నుంచి మొదలయ్యే ఖర్చు గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

అయితే కారు ఎలాంటిదో ముందు చెప్పాలి, ఎందుకంటే ఖర్చుకు మూలం కూడా దాని గొప్పతనంలోనే ఉంది. 1994లో ఫెరారీ 348 మోడల్ స్థానంలో వచ్చి, 1999లో 360 మోడెనా మోడల్‌కు చోటిచ్చిన ఈ కారు పేరులోనే ఇంజను వివరం ఉంది: మూడున్నర లీటర్ల సామర్థ్యం, సిలిండరుకు అయిదు వాల్వులు. ఎనిమిది సిలిండర్లకు కలిపి 40 వాల్వులు, టైటానియం కనెక్టింగ్ రాడ్లు, నిమిషానికి 8,250 చుట్ల దగ్గర 375 హార్స్‌పవర్. చలికాలపు ఉదయాల్లో గేరు బాక్సులో నూనె వేడెక్కే దాకా రెండో గేరు పడదు. పది నిమిషాలు ఓపిక పట్టి, ఒకటి నుంచి నేరుగా మూడుకు వెళ్లడం అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత లోహపు పలకలోని గాడుల మధ్య గేరు కడ్డీ కదిలిన ప్రతిసారీ టిక్కుమనే చప్పుడు చెవికంటే ముందు అరచేతికి తెలుస్తుంది. ఇంజను వేగం చూపే ముల్లు 6,000 చుట్లు దాటాక ఇంజను స్వరం మంద్రం వదిలి తారస్థాయి అందుకునే ఆ రెండు మూడు క్షణాల కోసమే నేను ఈ కారును ఇంతకాలం అట్టిపెట్టుకున్నాను.

ఇక బెల్టుల సంగతి. ఇంజనును డ్రైవరు సీటు వెనక, కారు పొడవునా అమర్చారు. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టులను తిప్పే రెండు రబ్బరు టైమింగ్ బెల్టులు ఇంజనుకు ముందువైపున, సరిగ్గా సీట్ల వెనకనున్న గోడకు ఎదురుగా ఉంటాయి. మధ్యలో చెయ్యి దూర్చే సందు కూడా లేదు. అందువల్ల బెల్టులు మార్చాలంటే ఇంజనునూ గేరు బాక్సునూ వాటిని మోసే వెనకవైపు చట్రంతో సహా కారు నుంచి విడదీసి, బాడీని లిఫ్టు మీద పైకి ఎత్తాలి. అలాగని మార్చకుండా నెట్టుకు రావడం కుదరదు. బెల్టు తెగితే తెరుచుకున్న వాల్వులకు పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. ఆ తర్వాత ఇంజను మొత్తం విప్పి కట్టడమే మిగులుతుంది. అనుభవమున్న మెకానిక్కులు కారు నడిచినా నడవకపోయినా మూడు నుంచి అయిదేళ్లకొకసారి బెల్టులు మార్చమంటారు.

నాకు కారు అమ్మిన వ్యక్తి బెల్టులు రెండేళ్ల కిందటే మార్పించానని చెప్పాడు గానీ బిల్లు చూపలేదు. నేను నమ్మాను. కొన్న రెండో నెలలో, ఫెరారీలు మాత్రమే చూసే ఒక చిన్న షెడ్డులో ఇంజను దింపించినప్పుడు నన్ను రమ్మని పిలిచారు. చక్రాల బల్ల మీద ఇంజను, దాని వెనకే గేరు బాక్సు, ఎర్రటి ఇన్‌టేక్ మూతల మీద పల్చటి దుమ్ము. మెకానిక్ బెల్టును వెనక్కి మడిచి టార్చి వేసి చూపించాడు: పళ్ల మొదళ్లలో వెంట్రుకల్లాంటి పగుళ్లు, వీపు మీద సగం చెరిగిన తయారీ తేదీ. పదేళ్లు దాటిన బెల్టులవి. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగును వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు చప్పుడు వచ్చింది. బెల్టులు, బేరింగులు, నీటి గొట్టాలు, ఆయిల్ సీళ్లు కలిపి ఆ బిల్లు 9,200 డాలర్లు అయింది. అందులో బెల్టుల జత ధర చాలా చిన్న పద్దు; పని గంటలదే సింహభాగం.

నేను ఆ కారును ఎంచుకున్నదే మీటరు మీద 24,000 మైళ్లే ఉన్నాయని. తక్కువ తిరిగిన కారు తక్కువ అరిగి ఉంటుందన్న మన మామూలు లెక్క ఈ తరహా కార్లకు పనిచేయదు. రబ్బరు ఎండేది ఏళ్లతో, సీళ్లు గట్టిపడేది కదలిక లేక, నూనెలు పాడయ్యేది నిలవ ఉండి. ఇరవై రెండేళ్లలో 24,000 మైళ్లంటే ఆ కారు జీవితంలో ఎక్కువ భాగం గ్యారేజీలో కదలకుండా గడిచిందని అర్థం. అదే ఏడాది తయారై 50,000 మైళ్లు తిరిగిన కారు ఒకటి, ప్రతి పనికీ బిల్లుతో, నాకు 11,000 డాలర్లు తక్కువకే దొరికేది. దాన్ని వదులుకున్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

2020లో పొద్దున్నే స్టార్టు చేస్తే ఎడమవైపు నుంచి చిన్న టకటక వినిపించి, ఇంజను వేడెక్కాక ఆగిపోయేది. అది ఎగ్జాస్ట్ మానిఫోల్డు, అంటే సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల కూర్పు, పగిలిన లక్షణం. ఈ కారులో ఆ గొట్టాలు రెండు పొరలుగా ఉంటాయి. లోపలి పొర వేడికి పగిలితే పైకి ఏమీ కనిపించదు. ఎఫ్355 యజమానుల్లో ఈ బాధ పడనివారు అరుదు. రెండు వైపులా కొత్తవి వేయించడానికి 6,800 డాలర్లు అయ్యాయి. రెండేళ్లు తిరగకుండానే స్టార్టు చేయగానే నీలిరంగు పొగ కనిపించసాగింది. లీక్-డౌన్ పరీక్షలో, అంటే సిలిండరులోకి గాలి పంపి ఎంత శాతం కారిపోతోందో చూసే పరీక్షలో, మూడు సిలిండర్లు తప్పాయి. తొలి ఏళ్ల ఎఫ్355లలో వేసిన కంచు వాల్వు గైడ్లు, అంటే వాల్వు కాడ కదిలే చిన్న గొట్టాలు, మెత్తనివి, త్వరగా అరిగిపోతాయి. చివరి ఏళ్ల కార్లలో వాటి బదులు ఉక్కువి వచ్చాయి. నలభై గైడ్లూ మార్చి, ఇంజను ఎలాగూ కిందే ఉంది గనుక బెల్టులు కూడా కొత్తవి వేయిస్తే 17,500 డాలర్లు అయింది. ఒక్క బిల్లులో అంత మొత్తం నేను ముందెన్నడూ చెల్లించలేదు. ఆ పరీక్షకు ఖర్చు స్వల్పం. కొనే ముందే చేయించి ఉంటే ధరలో ఆ మేరకు తగ్గించమని అడిగేవాణ్ణి.

లోపలి భాగాల సంగతి క్లుప్తంగా చెబుతాను. స్విచ్చుల మీద, ఏసీ గుబ్బల మీద పూసిన మెత్తటి పూత ఏళ్లు గడిచేకొద్దీ కరిగి బంకలా వేళ్లకు అంటుకుంటుంది. అవి విప్పి, పూత గీకించి, కొత్త రంగు వేయించి, వాటి మీది గుర్తులు సరిచేయించడానికి 1,400 డాలర్లు పట్టింది. టైర్లు అరగకపోయినా పాతబడినందుకు మార్చాను, 1,300. బ్యాటరీ, నూనెలు, బ్రేకులు, పొగను శుద్ధి చేసే కేటలిస్టుకు చెందిన ఒక సెన్సరు యూనిట్టు వంటి చిల్లర పనులన్నీ కలిపి 3,600. చిల్లర అనిపించినవే కలిసి తడిసి మోపెడవుతాయి.

హైదరాబాద్‌లో ఉండే మా బావగారు, రిటైరయ్యాక ఈ కారును ఇక్కడికే తెచ్చుకోకూడదా అని ప్రతి సంక్రాంతికీ అడుగుతారు. మూడేళ్లు దాటిన పాత కారును, అందులోనూ ఎడమ స్టీరింగు కారును, మన దేశపు మామూలు దిగుమతి నిబంధనలు రానివ్వవు. ఒకవేళ రానిచ్చినా ఈ ఇంజను దించడం తెలిసిన చేతులకు అందుబాటులో ఉండటమే నాకు ముఖ్యం.

ఫెరారీయే కావాలి, ఖర్చు కాస్త అదుపులో ఉండాలి అనుకునేవారికి 360 మోడెనా మెరుగు. అందులో సీట్ల వెనక పలక తీసి, ఇంజను దించకుండానే బెల్టులు మార్చవచ్చు. ఎఫ్430లో బెల్టుల స్థానంలో చైను వచ్చింది కాబట్టి ఆ ఖర్చే లేదు. ఎఫ్355నే కావాలనుకుంటే మీటరు అంకెను పక్కన పెట్టి బిల్లుల దస్త్రం అడగండి, తేదీలు వరుసగా ఉన్నాయో లేదో చూడండి, గైడ్లు మార్చిన రుజువుంటే అయిదారు వేలు ఎక్కువిచ్చినా వెనకాడకండి, ఫెరారీలు తెలిసిన మెకానిక్ చేత కొనుగోలుకు ముందే లీక్-డౌన్ పరీక్ష చేయించండి. కొన్న ధరలో కనీసం పావు వంతు చేతిలో విడిగా లేనివారు ఈ కారు జోలికి వెళ్లవద్దని నా గట్టి మాట. కారుగా దీనికి అయిదుకు అయిదు ఇస్తాను. సొంతదారుకు మిగిల్చే నిశ్చింత విషయంలో రెండుకు మించి ఇవ్వలేను.

2026 వసంతంలో బెల్టులకు నాలుగేళ్లు నిండుతాయి. అందుకోసం 10,000 డాలర్లు వేరే ఖాతాలో ఇప్పటికే వేసి ఉంచాను.