అనకాపల్లి బెల్లం దిమ్మ: ముదురు రంగుదే మేలు

ఒక దుకాణంలో కొన్న ఈ అనకాపల్లి బెల్లం దిమ్మ ముదురు గోధుమరంగు వల్ల చూపుకు ఆనదు గాని, చాకుతో చెక్కితే లోపల సన్నని పలుకు మెరుస్తుంది. చెరకు ఆకు సూర్యరశ్మి సాయంతో గాలిలోని కార్బన్ డయాక్సైడునూ వేళ్లు అందించిన నీటినీ చక్కెరగా మార్చి గడకు పంపుతుంది. గడ దానిని, బంగాళదుంపలా పిండిపదార్థంగా కాక, కణాల రిక్తికల్లో (కణం లోపల ద్రవం నిండిన సంచుల్లో) సుక్రోజుగానే, అంటే మామూలు చక్కెరగానే, దాచుకుంటుంది. మొదలు కణుపులు ముందుగా పండుతాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువగా ఉండే లేత కొసలను కూడా కలిపి ఆడితే బెల్లం జిగటగా మారి త్వరగా నీరు కారుతుంది. ఈ దిమ్మలో ఆ లోపం లేదు. హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం కలిపి మెరిపించిన పసుపు బెల్లం కంటే (పండుగ బేరాల్లో దానికే గిరాకీ!) దీనినే ఎంచుకుంటాను. అరిసెల పాకం చక్కగా కుదిరింది. గిన్నె అడుగున కాస్త ఇసుక మిగిలింది కనుక వడకట్టక తప్పదు.