ఆక్స్‌ఫర్డ్‌లో విజిటింగ్ స్టూడెంట్‌గా ఏడాది: దేనికి డబ్బు పెట్టొచ్చు, దేనికి వద్దు

ముందే చెప్పేస్తున్నా. అమెరికా నుంచి ఏడాది చదువుకని ఆక్స్‌ఫర్డ్‌కి వెళ్తే మనం డబ్బు కట్టేది వారానికి ఒక్క గంట కోసం. ఆ గంట పేరు ట్యుటోరియల్: ట్యూటర్ ఎదురుగా కూర్చుని మనం రాసిన వ్యాసాన్ని సమర్థించుకోవడం. గది, తిండి, చలి అన్నీ ఆ గంట కోసం ఓర్చుకునేవే.

నేను టెక్సస్‌లో హిస్టరీ చదువుతున్నాను. పుట్టింది గుంటూరు, ఏడో తరగతి దాకా అక్కడే. డిగ్రీ మూడో ఏడాది ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక కాలేజీలో చదివి వచ్చాను. వాళ్ల పట్టా రాదు. క్రెడిట్లు మాత్రం మన యూనివర్సిటీకి బదిలీ అవుతాయి.

టెక్సస్‌లో అయితే పెద్ద హాల్లో ఎక్కడో వెనక కూర్చుని, క్విజ్‌లు రాసి, చేయెత్తినందుకు కూడా పాయింట్లు తెచ్చుకుని గట్టెక్కేయొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో దాక్కోవడానికి చోటుండదు. మైకల్‌మస్, హిలరీ, ట్రినిటీ అని మూడు టర్ములు, ఒక్కోటి ఎనిమిది వారాలు. మెయిన్ సబ్జెక్టుకి వారానికో వ్యాసం, రెండో దానికి రెండు వారాలకొకటి. అంటే టర్ముకి పన్నెండు. ప్రతిదానికీ చాంతాడంత పుస్తకాల లిస్టు ఇస్తారు. లెక్చర్లకు వెళ్లావా అని ఎవరూ అడగరు.

నేను ఈస్టిండియా కంపెనీ పేపర్ తీసుకున్నాను. ఉత్తర సర్కారుల (అంటే మన కోస్తా ప్రాంతం) మీద 1766లో నిజాంతో కంపెనీ ఒప్పందం చేసుకుంది కానీ, మా గుంటూరు సర్కారు దాని చేతికొచ్చింది 1788లో. ఆ వారం వ్యాసం దీని మీదే. ట్యూటర్ గదిలో పాత సోఫా మీద నేనూ ఇంకో అమ్మాయీ. నేను పైకి చదువుతున్నాను. 'స్థానికులు వ్యతిరేకించారు' అన్న చోట ట్యూటర్ చెయ్యెత్తి ఆపారు.

"ఎవరు? జమీందార్లా, రైతులా, నేతగాళ్లా?"

జమీందార్లు అన్నాను.

"ఎవరి కాగితాల్లో చూశావు?"

కంపెనీ కాగితాల్లోనే.

"అయితే కంపెనీకి ఎవరు కనిపించారో అది రాశావు. కనిపించని వాళ్ల సంగతేంటి?" అని తాపీగా టీ పోసుకున్నారు. మిగతా నలభై నిమిషాలూ ఆ ఒక్క వాక్యం మీదే నడిచింది. ఇన్నేళ్లలో నేను రాసిందాన్ని ఇంత శ్రద్ధగా చదివిన మనిషి ఇంకొకరు లేరు. బయటికొచ్చేసరికి తల వేడెక్కిపోయింది, కానీ మళ్లీ వారం ఎప్పుడొస్తుందా అని ఉంది.

మార్కుల విషయంలో టెన్షన్ పడకండి. నాకు మొదట 66 వచ్చింది. టెక్సస్ లెక్కలో అది డి గ్రేడ్. ఆక్స్‌ఫర్డ్‌లో 70 దాటితే ఫస్ట్, 60 నుంచి 69 దాకా టూ-వన్, అంటే సెకండ్ క్లాసులో పై మెట్టు, మంచి మార్కే. 80లు కనపడటమే అరుదు. ఫోన్లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. వెనక నుంచి నాన్న "అరవై దాటిందిగా, ఫస్ట్ క్లాసే!" అన్నారు. ఆయనది నాగార్జున యూనివర్సిటీ లెక్క.

లైబ్రరీకి వంక పెట్టలేను. బోడ్లియన్ 1602లో తెరిచారు. నిప్పు తీసుకురాను, మంట వెలిగించను అని ఇప్పటికీ హామీ ఇప్పిస్తారు. పుస్తకాలు బయటికివ్వరు. 1645లో సాక్షాత్తూ రాజు మొదటి చార్లెస్ అడిగితేనే ఇవ్వలేదు, మనమెంత! రాడ్‌క్లిఫ్ కెమెరా (పేరు అలా ఉన్నా అది బోడ్లియన్‌వాళ్ల గుండ్రటి రీడింగ్ రూమ్ భవనం) బయట టూరిస్టులు ఫోటోలు తీసుకుంటుంటే కార్డు చూపించి లోపలికి వెళ్లడంలో ఒక చిన్న గర్వం ఉంది, ఒప్పుకుంటాను. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది కాబట్టి ఎలాగూ లోపలే కూర్చుంటాం.

గది పర్లేదు. వాష్‌బేసిన్‌కి వేడినీళ్ల కుళాయి ఒక పక్క, చన్నీళ్లది ఇంకో పక్క. ఒకటి కాలుస్తుంది, ఇంకోటి కొరుకుతుంది. రైస్ కుక్కర్ గదిలో పెట్టకూడదన్నారు. మా ఫ్లోర్‌లో ఉన్నది ఒక మైక్రోవేవ్, ఒక కెటిల్. హాల్లో భోజనం అంటే దీపాలు, పొడుగు బల్లలు, గోడల మీద పెద్దమనుషుల పటాలు, కంచంలో బంగాళదుంప. కారం కావాలంటే కౌలీ రోడ్డుకి వెళ్లండి. కందిపప్పు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు అన్నీ దొరుకుతాయి. వండుకునే చోటు మాత్రం మీరే చూసుకోవాలి. మైక్రోవేవ్‌లో అన్నం, ఆవకాయ, నెయ్యి. నా ఏడాది చాలావరకు అలాగే గడిచింది.

ఇక ఏజెన్సీ. నేను అమెరికాలోని ఒక మధ్యవర్తి సంస్థ ద్వారా వెళ్లాను, పేరు వద్దు. కాలేజీ ఫీజు మీద వాళ్ల 'సపోర్ట్' ఫీజు వేరే. వాళ్లు చేసిందల్లా డబుల్ డెక్కర్ బస్సులో ఒక రోజు ఊరు తిప్పడం, ఒక టోట్ బ్యాగు ఇవ్వడం. జనవరిలో గదిలో హీటర్ పనిచేయకపోతే ఫోన్ చేశాను. "కాలేజీ పోర్టర్‌ని అడగండి" అన్నారు. పోర్టర్ అంటే కాలేజీ గేటు దగ్గర ఉండే ఉద్యోగి. అడిగాను, ఆయన సాయంత్రానికల్లా బాగు చేయించారు. ఆ మాట చెప్పడానికి అంత ఫీజా?

చాలా కాలేజీలు విజిటింగ్ విద్యార్థుల నుంచి నేరుగా దరఖాస్తులు తీసుకుంటాయి. మీ యూనివర్సిటీ ఒప్పుకుంటే అలాగే పెట్టుకోండి. ఏడాదికైతే స్టూడెంట్ వీసా కావాలి. దాంతో పాటు అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జి, నేను కట్టినప్పుడు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఉంది. అది కట్టాం కాబట్టి వెళ్లగానే దగ్గర్లోని జీపీ (మామూలు జబ్బులకు చూసే డాక్టరు) దగ్గర పేరు రాయించుకోండి. జ్వరం వచ్చాక వెతుక్కోవడం నరకం.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పరు. టర్ముకీ టర్ముకీ మధ్య సుమారు ఆరు వారాల సెలవులు. చాలా కాలేజీల్లో అప్పుడు గది ఖాళీ చేయాలి. సెలవుల్లో ఉండనిస్తారా, ఉంటే రోజుకెంత, సామాను ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ ఫీజు కట్టకముందే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.