నీతికి మూలం: సహజాతమా, తర్కమా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, ముక్కూమొహం తెలియనివారికి అన్నం పొట్లాలు అందించడానికి వరద నీటిలోకి దిగినవారు లాభనష్టాలు బేరీజు వేసుకుని దిగి ఉండరు. ఇటువంటి స్పందనకు, నీతి పుట్టుకతో వచ్చే ప్రేరణల (సహజాతాల) నుంచే పుట్టిందనే సహజాతవాదమే సూటిగా సమాధానం చెబుతుంది. సామాజిక సహజాతాలున్న ఏ జంతువుకైనా మనిషి స్థాయి బుద్ధి వికసిస్తే నైతిక వివేకం కలిగి తీరుతుందని డార్విన్ 1871లో వాదించాడు. రక్తసంబంధీకుల కోసం చేసే త్యాగం పరిణామంలో ఎలా నిలిచిందో 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్, పరాయివారి మధ్య పరస్పర సాయం ఎలా సాధ్యమైందో 1971లో మరో జీవశాస్త్రవేత్త ట్రివర్స్ వివరించారు.

అయితే మనవాళ్లు, పరాయివాళ్లు అన్న గీతను గీసేదీ ఆ సహజాతమే. దానిని చెరపడానికి తర్కం కావాలి. అందరికీ నియమం కాగల సూత్రాన్నే పాటించాలని జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో అన్నదానికి దగ్గరి ఉదాహరణ మన విజయవాడలోనే ఉంది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడకు తరలించిన గోరా, అంటరానితనాన్ని ధిక్కరిస్తూ సహపంక్తి భోజనాలు నిర్వహించారు. పక్కవాడి కులం తెలియగానే ముద్ద మింగుడుపడని అలవాటును (అది పుట్టుకతో వచ్చినది కాదు, నేర్పినది, బలంలో మాత్రం సహజాతానికి తీసిపోదు) జాలి ఒక్కటే జయించలేదు, మనుషులంతా సమానమన్న వాదం దానికి అవసరమైంది.

నీతికి తర్కమే మూలమనే తర్కవాదం తేలిపోయే చోటు కూడా ఒకటుంది. తర్కం ఒక్కటే మనిషిని పనికి పురిగొల్పలేదని 18వ శతాబ్దంలోనే స్కాటిష్ తత్వవేత్త హ్యూమ్ లేవనెత్తిన అభ్యంతరానికి, నైతిక నియమం పట్ల గౌరవమే మనిషిని కదిలిస్తుందని కాంట్ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ తృప్తికరంగా తోచదు.